తెగులు మడికి సిమెంటు వైద్యం

మా వ్యవసాయ విశ్వవిద్యాలయం తన నిధి మొత్తాన్ని సిమెంటు, ఇటుక, ఇనుప కడ్డీల కంపెనీల షేర్లలో పెట్టాలని తీర్మానించిన రోజున బయట మంచి పదును వాన కురిసింది. ఆ వానను పట్టించుకోవలసిన శాస్త్రవేత్తలంతా లోపల సమావేశంలో ఉన్నారు.

నేనూ ఆ సమావేశంలో ఒక మూల కూర్చున్నాను. రైతుల కోసం విశ్వవిద్యాలయం వేసే మాసపత్రికకు సంపాదకుణ్ణి కనుక నన్ను అన్నిటికీ పిలుస్తారు. అక్కడ నాకు మాట్లాడే హక్కు లేదు. టీ తాగే హక్కు మాత్రం ఉంది.

ఆర్థికాధికారి చక్రపాణి గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"గౌరవ సభ్యులారా, పంట పండాలంటే వాన రావాలి, పురుగు రాకూడదు, మార్కెట్లో ధర ఉండాలి. ఈ మూడూ ఒకే సంవత్సరంలో సంభవించిన దాఖలా మన రికార్డుల్లో లేదు. అలాంటి రంగం మీద పరిశోధన చేయవచ్చు గాని, డబ్బు పెట్టకూడదు. సిమెంటుకు పురుగు పట్టదు."

సభ్యులు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది పురుగుల శాఖాధిపతి.

ఉపకులపతి విరూపాక్షయ్య గారు దానికి తాత్త్విక భూమిక కల్పించారు. "దేశ ప్రగతిని తలసరి సిమెంటు వినియోగంతో కొలుస్తున్న కాలమిది. మరి మన ప్రాంగణంలో తలసరి వినియోగం ఎంత?" అని అడిగారు. ఎవరికీ తెలియదు. తెలియకపోవడం మీద ఆయన విచారం వ్యక్తం చేశారు, తెలుసుకోవడానికి ఉపసంఘం వేశారు.

ఇంతవరకు ఏ విశ్వవిద్యాలయంలోనైనా జరిగేదే. మా గొప్పతనం ఆ తర్వాత మొదలైంది. షేర్లు కొన్న వారానికి చక్రపాణి గారికి ఒక ఆలోచన తట్టింది. వాటాదారు అంటే యజమాని. యజమానే తన సరుకు వాడకపోతే బయటివాడు ఎందుకు వాడతాడు? దీనికి 'పెట్టుబడి విధేయతా తీర్మానం' అని పేరుపెట్టి, ముందుగా ప్రధాన ద్వారానికి ఒక సిమెంటు ఆర్చి కట్టించారు. మర్నాడే షేరు రెండు రూపాయలు పెరిగింది.

చక్రపాణి గారు పేపరు పట్టుకుని ఉపకులపతి గదిలోకి పరిగెత్తారు. దేశంలో ఆ రోజు ఎక్కడెక్కడ ఎన్ని ఆనకట్టలకు టెండర్లు పిలిచారో మాకెవరికీ అక్కర్లేకపోయింది. మా ఆర్చి వల్లే పెరిగిందని నిర్ధారణ అయిపోయింది. అప్పటినుంచి బయట షేరు ధర పడినప్పుడల్లా మా ప్రాంగణంలో ఒక గోడ లేచేది.

చెట్ల మొదళ్లకు సిమెంటు పళ్లేలు వచ్చాయి, వేరుకు నీరు అందకుండా. చేపల చెరువు అడుగున గచ్చు వేశారు. ఉద్యాన శాఖవారు ఒక అడుగు ముందుకేసి, నీళ్లూ ఎరువూ అక్కర్లేని సిమెంటు సపోటా చెట్టును ఆవిష్కరించారు. దానికి రాష్ట్ర స్థాయి ప్రదర్శనలో బహుమతి కూడా వచ్చింది. ఆచార్యుల పనితీరు నివేదికలో 'ఈ సంవత్సరం మీరు వినియోగించిన బస్తాలు' అనే గడి చేరింది. వేరుశనగ మీద జీవితమంతా ధారపోసిన పెద్దాయన ఆ గడి ఖాళీగా వదిలేసినందుకు సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది. ఖాళీ జాగా చుట్టూ నాలుగు గోడలు కట్టించిన ఒక కుర్రవాడికి మాత్రం ప్రమోషన్ దొరికింది. ఆ గోడల మధ్య ఏం పెట్టాలో సూచించడానికి ఇప్పటికీ ఒక కమిటీ పనిచేస్తోంది.

మృత్తికా శాఖాధిపతి ఒక్కడే కాస్త గొణిగాడు. "మట్టి మీద పరిశోధన చేయాలంటే మట్టి కనబడాలి కదా సార్" అన్నాడు. నమూనాలు సీసాల్లో భద్రపరచుకోమని అతనికి లిఖితపూర్వకంగా సలహా ఇచ్చారు.

గోడలకు చోటు చాలక, తర్వాత కల్లాల మీద పడ్డారు. పంట కోశాక ఆరబెట్టడానికి, నూర్చడానికి కల్లం కావాలి కదా. అది రైతుకు పనికొచ్చేదే, ఎవరూ కాదనలేరు. కల్లానికి చదునైన నేల కావాలి. మా దగ్గర చదునైన నేలంతా పంట పొలమే. అందుచేత పంటను ఆరబెట్టే సౌకర్యం కోసం పంట పొలాలను ఒక్కొక్కటిగా గచ్చు చేసుకుంటూ వచ్చారు. ఆ ఏడు మా దగ్గర ఆరబెట్టుకోవడానికి ఉన్నంత చోటు రాష్ట్రంలో ఇంకెక్కడా లేదు. ఆరబెట్టడానికి ఏమీ లేదు, అంతే.

అలా వస్తూ వస్తూ వాళ్లు డాక్టర్ ఓబులమ్మ మడి దగ్గరికి వచ్చారు.

ఓబులమ్మ గారు మా కంది శాస్త్రవేత్త. బనగానపల్లె వైపు పల్లెలో పుట్టిన మనిషి. ఎంత చదివినా ఊరి మాట వదలలేదు, వదలాలని అనుకోనూ లేదు. ఆవిడ పనంతా ఎండు తెగులు మీద. ఈ తెగులు మట్టిలో ఉంటుంది. కంది ఏపుగా పెరిగి పూత మీదికి వచ్చేదాకా ఊరుకుని, అప్పుడు వేరును పట్టి చెట్టును నిలువునా ఎండబెడుతుంది. రైతు పెట్టుబడంతా పెట్టాక పంటను తీసుకుపోయే రకం. దీనికి మందు చల్లి లాభం లేదు, తట్టుకునే విత్తనం కనిపెట్టాలి. ఏ విత్తనం తట్టుకుంటుందో తేలాలంటే తెగులు నిండిన నేల ఒకటి చేతిలో ఉండాలి.

అందుకని ఆవిడ ఒక మడిని ఎంచుకుని, ఊళ్లలో ఎండిపోయిన కంది చెట్లను తెప్పించి, నరికించి, అందులో కలిపి దున్నిస్తూ వచ్చారు. పన్నెండేళ్లు అదే పని. ఇప్పుడు ఆ మడిలో మామూలు కంది వేస్తే ఒక్క చెట్టూ మిగలదు. దాన్ని తెగులు మడి అంటారు. అందులో ఆవిడ వేసిన రకాల్లో ఏడో నంబరు ఒక్కటే రెండేళ్లు వరసగా ఒక్క చెట్టూ పోకుండా నిలబడి కాసింది. నిబంధన ప్రకారం ఇంకొక్క పంటకాలం నిలబడితే రైతులకు విడుదల చేయవచ్చు.

ఆ పంటకాలం కోసం మాకంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నవాడు మద్దిలేటి. నాలుగెకరాల నల్లరేగడి రైతు. మడిలో కలిపిన ఎండు చెట్లలో సగం ఆయన చేలోంచి వచ్చినవే. ఆయన చేను పక్కనే సున్నపురాయి క్వారీ ఉంది. ఆ రాయి మేము షేర్లు కొన్న సిమెంటు కంపెనీకే పోతుంది.

"మేడమ్, క్వారీ వాళ్లు దినామూ వచ్చి అడుగుతాండారు చేను ఇయ్యమని" అని ఆయన మడి గట్టు మీద కూర్చుని చెబుతుండగా నేను విన్నాను. "మీ కొత్త కంది ఒక్కేడు ఏసి సూస్తా. కంది నిలబడిందా, చేను నాది. ల్యాకుంటే ఇచ్చేస్తా. ఎన్నేండ్లని సచ్చిన చెట్లు పీక్కుంటా కూసోవల్ల?"

"ఈ పంట కారు గడవనీ మద్దిలేటన్నా. ఇత్తనం నీకే ముందు ఇస్తా" అన్నారు ఓబులమ్మ గారు.

ఆ తర్వాతి సోమవారమే చక్రపాణి గారు పరిశీలనకు వచ్చారు. వెనకాల గొడుగు పట్టుకుని ఒకడు, టేపు పట్టుకుని ఇంకొకడు.

"ఈ మడి ఖాళీగా ఉందేమిటి?"

"ఖాళీ ల్యాదు సార్. తెగులు ఉండాది."

"తెగులా! ఎంతవరకు?"

"నిండా ఉండాది సార్. పన్నెండేండ్ల నుంచి సాకుతాండాం."

చక్రపాణి గారు రెండడుగులు వెనక్కి వేసి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. కందికి వచ్చే తెగులు ఆర్థికాధికారులకు సోకదని చెప్పడానికి అక్కడ ఎవరికీ ధైర్యం చాలలేదు.

"అంటే, ప్రభుత్వ భూమిలో, ప్రభుత్వ జీతం తీసుకుంటూ, మీరు రోగాన్ని పెంచి పోషిస్తున్నారు."

"సాకకుంటే ఏ రకం తట్టుకుంటాదో ఎట్ల తెలుస్తాది సార్?"

"మంచి రకం కావాలంటే మంచి నేలలో వేసి చూడాలి. దీనికి డాక్టరేట్ అవసరం లేదు."

"మంచి నేలలో అన్నీ మంచి రకాలే సార్" అన్నారు ఓబులమ్మ గారు.

ఆ మాట చక్రపాణి గారి చెవికి చేరలేదు. ఆయన అప్పటికే ఉత్తర్వు చెప్పి రాయిస్తున్నారు. "ప్రాంగణ ఆరోగ్య పరిరక్షణ దృష్ట్యా, సదరు రోగగ్రస్త భూఖండమును తొమ్మిది అంగుళముల మందమున శాశ్వతముగా కప్పి, ఆదర్శ కల్లముగా ఉన్నతీకరించవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది."

ఓబులమ్మ గారు ఉపకులపతి దగ్గరికి వెళ్లారు. నేను పత్రిక ముఖచిత్రం చూపించడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. ముఖచిత్రం మా ఆర్చిది.

"అమ్మా, మీ ఆవేదన నా దృష్టికి వచ్చింది" అన్నారు విరూపాక్షయ్య గారు. "కాని ఒకటి గ్రహించాలి. వ్యక్తి కంటే సంస్థ గొప్పది. సంస్థ కంటే నిధి గొప్పది. నిధి ప్రస్తుతం ఒడిదుడుకుల్లో ఉంది."

"ఒక్క కారు ఆగండి సార్. ఏడో నంబరు నిలబడితే రైతుల చేతికి ఇచ్చేస్తాం. ఆ పొద్దు మడి మీద కాదు, నా నెత్తిన పోసినా నేను అడగను."

"మనం ఒక కారు ఆగగలం. షేరు ఆగుతుందా అమ్మా?"

అది ప్రశ్న కాదు, పిచ్చి. పిచ్చిని నున్నగా మాట్లాడటం నేర్చినవాళ్లను ఉన్నతాసనాల మీద కూర్చోబెడితే ఏం జరుగుతుందో ఆ వారమే చూశాం. మడి మీద కంకర పరిచారు, కడ్డీలు కట్టారు, మిక్సరు తెచ్చి పోశారు. పన్నెండేళ్లు చేసిన మట్టి ఒక పూటలో కనబడకుండా పోయింది. ఓబులమ్మ గారు గట్టు మీద నిలబడి చివరిదాకా చూశారు. ఏడవలేదు. నేను పత్రిక కోసం ఫొటో తీసుకున్నాను. 'మా రైతు సోదరులకు మరొక ఆదర్శ కల్లం' అని దాని కింద రాయవలసిందీ నేనే మరి.

ఇక మూడో ఏటి ప్రయోగం. నిబంధన ప్రకారం మూడేళ్లూ ఒకే స్థలంలో జరగాలి. స్థలం మారిస్తే మొదటి రెండేళ్ల ఫలితాలూ చెల్లవు. మినహాయింపు ఇమ్మని ఓబులమ్మ గారు అడిగారు. నిబంధనల విషయంలో రాజీ పడితే శాస్త్రీయత దెబ్బతింటుందని ఉపకులపతి గారు మందలించారు. అంచేత ప్రయోగం అదే స్థలంలో జరిగింది. సిమెంటు మీద సుద్దముక్కతో వరసలు గీసి, నంబర్లు వేసి, విత్తనాలు పేర్చారు. మొదటి రోజు పావురాలు వచ్చాయి. రెండో రోజు పావురాలకు కూడా పని లేకపోయింది.

పంటకాలం పూర్తయ్యాక విడుదల సంఘం సమావేశమైంది. ఎండిన మొక్కల శాతం ఎంత అని చూస్తే అన్ని రకాలకూ సున్నా. ఇంతటి విజయం ఏ కంది పరిశోధనా కేంద్రంలోనూ నమోదు కాలేదని విరూపాక్షయ్య గారు గుర్తుచేశారు.

ఓబులమ్మ గారు లేచారు. "మొలకే రాని చోట ఎండేదేముంది సార్? పాత రెండేండ్లన్నా చూడండి. ఏడో నంబరు ఒక్క చెట్టూ పోలేదు. రెండో నంబరు ఒక్క చెట్టూ మిగల్లేదు."

పాత అంకెలు చూడమనేసరికి చక్రపాణి గారి ముఖం వెలిగింది. అంకెలు ఆయన సొంత ఇలాకా. తెర మీద రెండు గీతలు వేయించారు.

"సభ్యులు గమనించాలి. రెండో నంబరుకు మొదటి రెండేళ్లు తెగులు నూటికి నూరు శాతం. ఈ ఏడు సున్నా. ఇంతటి పురోగతి నేను ఏ షేరులోనూ చూడలేదు. ఏడో నంబరు సంగతేమిటి? మొదటి ఏడు సున్నా, రెండో ఏడు సున్నా, ఇప్పుడూ సున్నా. మూడేళ్లుగా ఎదుగూ బొదుగూ లేకుండా పడి ఉంది. ఇలాంటి దాని మీద పెట్టుబడి పెట్టమని నేను నా శత్రువుకు కూడా చెప్పను."

సంఘం ఏకగ్రీవంగా రెండో నంబరును ఎంపిక చేసింది. ఏకగ్రీవం అంటే ఓబులమ్మ గారి ఒక్క గొంతూ లెక్కలోకి రాలేదని. పైగా రెండో నంబరు గింజ లావుగా, ఎర్రగా, మెరుస్తూ ఉంటుంది. బస్తా మీద ఫొటోకు బాగుంటుంది. దానికి 'దృఢ కంది' అని నామకరణం చేసి, సిమెంటు కంపెనీ పెద్దమనిషి చేత ఆవిష్కరింపజేసి, విత్తనం పెంచి తెమ్మని కాంట్రాక్టర్లకు పురమాయించారు.

విత్తనాలు అమ్మే రోజున మద్దిలేటి వచ్చాడు. బస్తా ఫొటో ఉన్న ప్రకటన కాగితం పట్టుకుని నేరుగా ఓబులమ్మ గారి గదికి వెళ్లాడు.

"మేడమ్, ఇదేనా మీరు చెప్పిన ఇత్తనం?"

"కాదన్నా. అది ఎయ్యొద్దు. నీ చేన్లో ఒక్క చెట్టూ నిలబడదు. నాది ఏడో నంబరు, దాన్ని వీళ్లు ఇయ్యల్యా."

"అట్లయితే మీదే ఇయ్యండి."

ఆవిడ బీరువాలోంచి ఒక చిన్న గుడ్డసంచి తీసి చూపించారు. "నా దగ్గర ఇంతే ఉండాది. నాలుగు సాళ్లకు సరిపోతాది. దీన్ని పరీక్ష చెయ్యనీకే తెగులు మడి ల్యాకపాయె. ఉన్న ఈ రొంత ఇత్తనం పోతే మళ్లీ రాదన్నా."

మద్దిలేటి ఆ సంచి వంకా, చేతిలోని మెరిసే ప్రకటన కాగితం వంకా చూశాడు. "పాత ఇత్తనం ఎట్లాగూ సస్తాది మేడమ్. ఇది కొత్తది గదా. మీ యూనివర్సిటీ ముద్ర ఉండాది గదా దీని మీద" అన్నాడు. తర్వాత క్యూలో నిలబడి కొనుక్కుని వెళ్లాడు. ఆవిడ సంచిని మళ్లీ బీరువాలో పెట్టారు. ఆ ముద్ర పరువు పెంచడానికే ఆవిడ పన్నెండేళ్లు పనిచేసింది.

దృఢ కంది దృఢంగానే మొలిచింది, గుబురుగా పెరిగింది, పూత మొదలుపెట్టింది. ఆ పూతలోనే ఎండిపోయింది. మద్దిలేటి చేనుతో మొదలై జిల్లాలో చాలా చేలు పోయాయి. రైతులు వచ్చి ఆర్చి కింద కూర్చున్నారు. విశ్వవిద్యాలయం నిజనిర్ధారణ జరిపించి ప్రకటన ఇచ్చింది: "విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఈ రకానికి తెగులు శాతం సున్నా. కావున లోపము రకములో లేదు. రైతు సోదరుల నేలలు నిర్ణీత ప్రమాణములకు చేరుకొనవలసి ఉన్నది." అదే వారం, దేశంలో సిమెంటు ఫ్యాక్టరీలు ఎక్కువైపోయి షేరు ధర కుప్పకూలింది. చౌకగా దొరుకుతున్నప్పుడే ఇంకొన్ని కొనాలని చక్రపాణి గారు విత్తన నిల్వలు అమ్మించి ఆ డబ్బు కూడా షేర్లలో పెట్టించారు.

తర్వాత కొన్నాళ్లకు ఒక ట్రాక్టరు వచ్చి మా గేటు దగ్గర ఆగింది. తొట్టి నిండా నల్లమట్టి, అందులో గుచ్చుకుని ఎండిన కంది మోళ్లు. ముందు మద్దిలేటి. లోపలికి పోనివ్వనని కాపలావాడు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. కబురు విని ఓబులమ్మ గారు వచ్చారు, వెనకాలే నేను. కారులో బయటికి పోతున్న చక్రపాణి గారు కూడా ఆగారు.

"ఏమన్నా ఇది?" అన్నారు ఓబులమ్మ గారు.

"రేపు క్వారీ వాళ్లకు సంతకం పెడుతాండా మేడమ్. మాటంటే మాట గదా. వాళ్లు ఎట్లాగూ ఈ పైమన్ను తోసి పారేస్తారు, వాళ్లకు కావల్సింది కింద రాయి. అందుకని ఇచ్చేముందు పైమన్నంతా గీకి తెస్తాండా. ఇది మొదటి లోడు. రోగం బాగా పట్టింది మేడమ్. సచ్చిన చెట్లు గూడా ఏరేయకుండా తెచ్చినా. మీ మడి పోయిందంటిరి. దీంతో మళ్లీ చేసుకోండి."

ఒక రైతు తన సర్వనాశనాన్ని ట్రాక్టరుకెత్తి, నీకు పనికొస్తుంది తీసుకోమని తెచ్చాడు. మా ప్రాంగణంలో అంత బుద్ధి, అంత ధర్మం అంతకుముందెన్నడూ అడుగుపెట్టలేదు. అప్పుడూ పెట్టలేదు, గేటు బయటే ఆగిపోయింది.

"ఏమిటది?" అన్నారు చక్రపాణి గారు కారు అద్దం దించి.

"మన్ను సార్" అన్నాడు మద్దిలేటి.

"మట్టా! వ్యవసాయ విశ్వవిద్యాలయంలోకా! లోపలంతా కొత్తగా వేయించాం, మరకలు పడతాయి. అయినా ఎక్కడ పోస్తావు?"

మద్దిలేటి గేటు చువ్వల్లోంచి లోపలికి చూశాడు. మేమూ చూశాం. ఆర్చి నుంచి హాస్టళ్ల దాకా తెల్లగా, నున్నగా, చదునుగా మెరుస్తోంది. ఒక బండెడు మట్టి పోయడానికి జానెడు నేల ఎక్కడా లేదు.

ఓబులమ్మ గారు గబగబా తన గదికి వెళ్లి వచ్చారు. చేతిలో ఆ గుడ్డసంచి ఉంది. "ఈ మన్ను మళ్లా చేన్లోనే పోయించన్నా" అన్నారు. "సంతకం పెట్టొద్దు. నీ చేనే తెగులు మడి. ఏడో నంబరు ఆడనే ఏస్తాం."

"నా చేను రోగంతో ఉండల్లని అడుగుతాండారా మేడమ్?"

"అవునన్నా. ఇంగొక్క ఏడు."

మద్దిలేటి ట్రాక్టరెక్కి కూర్చున్నాడు. "మడి పోకుండా మీరు కాపాడగలరా అని అడగను, ఆ పని మీ చేత కాదని తెలిసిపాయె" అన్నాడు. "నా చేను జోలికి ఎవడన్నా సిమెంటు బస్తాతో రానీ, నేను సూసుకుంటా. ఎక్కండి."

ఓబులమ్మ గారు మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నారు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది.

అనుమతి లేకుండా విధులు వదిలిపోయినందుకు ఆవిడ మీద క్రమశిక్షణ చర్య మొదలైంది. ఎండు తెగులు మా ప్రాంగణాన్ని పూర్తిగా విడిచి వెళ్లిపోయిందని పత్రికలో రాయమని నాకు ఉత్తర్వు వచ్చింది. రాశాను. ఆ ఏడాది మా పత్రికలో వచ్చిన నిజం అదొక్కటే.